పాడైన సర్వర్ ఫైల్ సిస్టమ్‌ను రిపేర్ చేయడం: ఏది ముందు, ఏది తర్వాత

"సర్వర్ రీడ్ ఓన్లీ అయిపోయింది, ఎఫ్‌ఎస్‌సీకే కొట్టేయమంటారా?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఎక్కువగా అర్ధరాత్రే వస్తుంది. ప్రతిసారీ ఒకటే చెబుతాను: ఇప్పుడే కొట్టకండి. ముందు డిస్క్ ఎలా ఉందో చూడండి. తర్వాత కాపీ తీయండి. రిపేర్ ఆ తర్వాతే.

ఎఫ్‌ఎస్‌సీకే అంటే ఫైల్ సిస్టమ్‌ను చెక్ చేసి రిపేర్ చేసే కమాండ్. అది మీ డేటాను కాపాడటానికి పుట్టిన ప్రోగ్రామ్ కాదు. ఫైల్ సిస్టమ్ తన గురించి తాను రాసుకున్న లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చేయడమే దాని పని. ఒక ఫైల్ వల్ల లెక్క కుదరకపోతే, ఆ ఫైల్‌ను తీసేసి లెక్క కుదుర్చుతుంది. దాని దృష్టిలో అది విజయం, మనకు మాత్రం నష్టం. ఈ తేడా మనసులో ఉంటే కింది మెట్లు ఈ వరుసలోనే ఎందుకున్నాయో అర్థమవుతుంది.

ఇదంతా లైనక్స్ సర్వర్ల గురించి. ఫైల్ సిస్టమ్ రకాల్లో ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వివరంగా ఉంటాయి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ క్లుప్తంగా. కమాండ్లను పలికినట్టు రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెబుతాను. ఉదాహరణల్లో డిస్క్ పేరు /డెవ్/ఎస్‌డీబీ, పార్టిషన్ పేరు /డెవ్/ఎస్‌డీబీ1. మీ దగ్గర వేరే పేర్లు ఉంటాయి, చూసి మార్చుకోండి.

1. పాడైంది ఫైల్ సిస్టమేనా?

ముందు కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్) ఏమంటోందో చదవండి. డీమెస్గ్ గానీ, జర్నల్‌సీటీఎల్ -కే గానీ చాలు. మూడు రకాల మాటలు కనిపిస్తాయి.

- "ఈఎక్స్‌టీ4-ఎఫ్‌ఎస్ ఎర్రర్", "రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ", "స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్": ఫైల్ సిస్టమ్ లెక్కలు చెడ్డాయి.
- "ఐ/ఓ ఎర్రర్", దాని పక్కన డిస్క్ పేరు, సెక్టార్ నంబర్: డిస్కో, కేబులో, కంట్రోలరో చెడింది. ఫైల్ సిస్టమ్ దెబ్బతినడం దాని ఫలితం మాత్రమే.
- మెమరీ గురించిన హెచ్చరికలు, ఈడీఏసీ అన్న మాట: ర్యామ్ మీద అనుమానం. చెడిన ర్యామ్‌తో రిపేర్ మొదలుపెడితే రిపేర్ ప్రోగ్రామే తప్పులు రాస్తుంది. డిస్క్‌ను వేరే మెషీన్‌కు మార్చండి.

ఒక్కోసారి ఏదీ పాడై ఉండదు. "నో స్పేస్ లెఫ్ట్" అని వస్తూ, డీఎఫ్‌లో చూస్తే చోటు బోలెడంత ఉంటుంది. డీఎఫ్ -ఐ కొట్టండి. ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కు ఫైల్ సిస్టమ్ ఉంచే నంబరున్న రికార్డులు) నూటికి నూరు శాతం అయిపోయి ఉంటే చిన్న ఫైళ్లు కుప్పలుగా పేరుకున్నాయని అర్థం. దానికి రిపేర్ అక్కర్లేదు, ఆ ఫైళ్లు తుడిస్తే చాలు.

2. రాతలు ఆపండి, ఆధారాలు దాచండి

చాలామంది ఇక్కడే రీబూట్ చేస్తారు. చేయకండి. రీబూట్‌లో ఆటోమేటిక్ చెకింగ్ మొదలైపోవచ్చు, లేదా సర్వర్ అసలు పైకి రాకపోవచ్చు. ఇప్పుడు రీడ్ ఓన్లీగానైనా కనిపిస్తున్న ఫైళ్లు అప్పుడు కనిపించవు.

రీబూట్‌కు ముందు చేయాల్సినవి:

- డేటాబేస్, మెయిల్, వెబ్ సర్వీసులు, క్రాన్ పనులు ఆపండి.
- బ్యాకప్ పనిని కూడా ఆపండి. చెడిన ఫైళ్లను తీసుకెళ్లి నిన్నటి మంచి బ్యాకప్ మీద రాసేసే ప్రమాదం ఉంది. పాతవి తుడిచే రొటేషన్ కూడా ఆగాలి.
- డీమెస్గ్ అవుట్‌పుట్ మొత్తం వేరే మెషీన్‌కు కాపీ చేయండి. అది మెమరీలో ఉంటుంది, రీబూట్‌తో పోతుంది.
- ఫైల్ సిస్టమ్ ఇంకా చదవగలిగేలా ఉంటే, అత్యవసరమైన చిన్న ఫైళ్లను ఆర్‌సింక్‌తో బయటికి లాగేయండి. /ఈటీసీ, డేటాబేస్ డంప్‌లు, కీలు, సర్టిఫికెట్లు ముందు.
- ఐనోడ్ నంబర్లు, ఫైల్ పేర్లు ఉన్న జాబితా తీసి, వేరే మెషీన్‌లో పెట్టండి.

ఈ చివరిదాని గురించి మరెక్కడా పెద్దగా చెప్పరు. ఫైండ్ కమాండ్‌కు -ఎక్స్‌డెవ్ ఇచ్చి, -ప్రింట్‌ఎఫ్‌లో '%ఐ %పీ' అని రాసి, చివర కొత్త వరుస గుర్తు పెడితే, ప్రతి ఫైల్ ఐనోడ్ నంబరు, దాని పూర్తి పేరు ఒక్కో వరుసలో వస్తాయి. డిస్క్ బాగుండి, లెక్కలు మాత్రమే చెడితే పది నిమిషాల పని. ఇది ఎందుకు బంగారం లాంటిదో 7వ మెట్టులో చెబుతాను. డిస్క్‌లో ఐ/ఓ ఎర్రర్లు వస్తుంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను అంతలా తిప్పకూడదు.

3. డిస్క్ ఆరోగ్యం చూడండి

స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీబీ అని అడగండి. పెద్ద పట్టిక వస్తుంది. అందులో నాలుగు వరుసలు చాలు.

- 5: రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్. చెడి, పక్కన పెట్టేసిన సెక్టార్లు.
- 197: కరెంట్ పెండింగ్ సెక్టార్. చదవలేక అనుమానంలో పెట్టినవి.
- 198: ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్. సరిచేయలేకపోయినవి.
- 199: యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. ఇది పెరుగుతుంటే ముందు కేబుల్ మీద అనుమానపడండి.

చివరి కాలమ్‌లో ఉండే రా వాల్యూ చూడాలి. 197, 198 సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద రిపేర్ చేయను. కాపీ తీసి, కాపీ మీద చేస్తాను. పట్టిక పైన "పాస్డ్" అని ఉంటుంది. దాన్ని నమ్మి ఊరుకోకండి, ఆ మాట ఉండి కూడా చదవలేని సెక్టార్లు ఉన్న డిస్కులు చాలా చూశాను. ఎన్‌వీఎంఈ డిస్క్ అయితే క్రిటికల్ వార్నింగ్, మీడియా ఎర్రర్స్ అన్న వరుసలు చూడండి. రెండూ సున్నా ఉండాలి.

4. ఏ పొర మీద ఏముందో కాగితం మీద గీయండి

సర్వర్‌లో డిస్క్ మీద నేరుగా ఫైల్ సిస్టమ్ ఉండటం అరుదు. మధ్యలో రెయిడ్ (కొన్ని డిస్కులను ఒకటిగా కలిపేది), ఎల్‌వీఎం (డిస్క్ చోటును వాల్యూమ్‌లుగా పంచేది), ఎన్‌క్రిప్షన్ ఉంటాయి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే చెట్టులా చూపిస్తుంది. రిపేర్ చేయాల్సింది ఎప్పుడూ పై పొరనే.

ఉదాహరణకు ఒకే డేటాను చెరో కాపీగా ఉంచుకునే రెండు డిస్కులు కలిసి /డెవ్/ఎండీ0 అయ్యాయనుకోండి. చెకింగ్ ఎండీ0 మీద చేయాలి. విడి డిస్క్ మీద చేస్తే రెండు కాపీలు రెండు రకాలుగా తయారవుతాయి, ఆ తర్వాత ఏది నిజమో రెయిడ్‌కు తెలియదు.

రెయిడ్ ఉంటే /ప్రాక్/ఎండీస్టాట్ చదవండి. ఒక డిస్క్ పడిపోయి ఉంటే, కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్ చేద్దామని తొందర పుడుతుంది. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరి దాకా చదివించడం. వాటిలో ఇంకోటి బలహీనంగా ఉంటే ఆ మధ్యలోనే పడిపోతుంది. అందుకే ముందు కాపీ, తర్వాత రీబిల్డ్.

5. కాపీ తీయండి

మూడు దారులున్నాయి. మీ పరిస్థితికి తగినది ఎంచుకోండి.

*క్లౌడ్ సర్వర్ లేదా వర్చువల్ మెషీన్:* వాల్యూమ్ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు కాపీ) తీయండి. పూర్తయిందని చూపించేదాకా ఆగండి.

*ఎల్‌వీఎం ఉంది, డిస్క్ బాగుంది:* ఎల్‌వీక్రియేట్ -ఎస్ తో స్నాప్‌షాట్ తీయండి. ముందు స్నాప్‌షాట్ మీద రిపేర్ రిహార్సల్ చేసి, ఫలితం చూసి, నచ్చితే అసలు వాల్యూమ్ మీద చేయండి. ఈ రిహార్సల్ అవకాశం ఉన్నందుకే సర్వర్లలో ఎల్‌వీఎం పెట్టమని చెబుతుంటాను. స్నాప్‌షాట్‌కు ఇచ్చిన చోటు నిండిపోతే అది పనికిరాకుండా పోతుంది, కాబట్టి సైజు ధారాళంగా ఇవ్వండి. అదే డిస్క్ మీద ఉంటుంది కనుక చచ్చిపోతున్న డిస్క్ నుంచి ఇది కాపాడదు.

*డిస్క్ మీద అనుమానం:* డీడీరెస్క్యూ. మామూలు డీడీ చదవలేని చోట ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ఆ చోటును గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్తుంది, బాగున్నదంతా ముందు తీస్తుంది.

మొదటి విడత:
డీడీరెస్క్యూ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ /బయట/డిస్క్.ఇమేజ్ /బయట/డిస్క్.మ్యాప్

రెండో విడత, చెడిన చోట్ల మూడేసి సార్లు ప్రయత్నించడానికి:
డీడీరెస్క్యూ -డీ -ఆర్3 /డెవ్/ఎస్‌డీబీ /బయట/డిస్క్.ఇమేజ్ /బయట/డిస్క్.మ్యాప్

మ్యాప్ ఫైల్ తప్పనిసరి. ఎక్కడిదాకా వచ్చిందో అందులోనే ఉంటుంది. మధ్యలో కరెంట్ పోయినా అదే కమాండ్ మళ్లీ కొడితే ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. /బయట అన్నది వేరే డిస్క్ అయ్యుండాలి, పాడైన డిస్క్ కంటే ఎక్కువ ఖాళీ ఉండాలి.

ఇమేజ్ పూర్తయ్యాక పాత డిస్క్ తీసి పక్కన పెట్టండి. చోటుంటే ఇమేజ్‌కు ఇంకో కాపీ తీసి, ఆ రెండోదాని మీద పని చేయండి. ఇమేజ్‌లో పార్టిషన్లు ఉంటే లోసెటప్ -పీ (పెద్ద అక్షరం) తో తెరిస్తే పార్టిషన్లు విడివిడి డివైస్‌లుగా కనిపిస్తాయి.

కాపీ దశ దాటే ముందు సరిచూసుకోండి:

- కాపీ వేరే చోట ఉంది, తెరిచి చూశాను.
- మ్యాప్ ఫైల్‌లో ఎంత చదవలేకపోయిందో రాసుకున్నాను.
- చివరి మంచి బ్యాకప్ ఏ తేదీదో తెలుసు.
- బ్యాకప్ నుంచి రీస్టోర్ చేయడానికి ఎంత సమయం పడుతుందో అంచనా ఉంది.

ఆఖరిది ముఖ్యం. నిన్న రాత్రి బ్యాకప్ బాగుండి, రెండు గంటల్లో రీస్టోర్ అయ్యేట్టుంటే, రిపేర్ కోసం రాత్రంతా కూర్చోవద్దు. రీస్టోర్ చేసి, ఈ రోజు మారిన ఫైళ్లను మాత్రం పాడైన కాపీ నుంచి తీసుకోండి. రిపేర్ అయిన ఫైల్ సిస్టమ్ కంటే కొత్తగా ఫార్మాట్ చేసి రీస్టోర్ చేసినదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

6. నిజంగా అన్‌మౌంట్ అయిందా?

మౌంట్ అయి ఉన్న, అంటే వాడకానికి తగిలించి ఉన్న ఫైల్ సిస్టమ్ మీద రిపేర్ చేస్తే బాగున్నది కూడా పోతుంది. కెర్నల్ తన మెమరీలో ఉన్న పాత లెక్కలతో పని చేస్తూ ఉంటుంది, మీరు కింద డిస్క్ మీద లెక్కలు మారుస్తుంటారు. రీడ్ ఓన్లీగా మౌంట్ అయినది కూడా మౌంట్ అయినట్టే.

కమాండ్ పేరు యూమౌంట్, అందులో ఎన్ ఒక్కటే. "టార్గెట్ ఈజ్ బిజీ" అంటే ఎఫ్‌యూజర్ -వీఎం తో ఎవరు పట్టుకున్నారో చూసి, ఆ సర్వీసు ఆపండి. ఎవరూ కనిపించకపోయినా బిజీ అంటే కంటైనర్లు, ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్‌లు, దాని మీద పెట్టిన స్వాప్ ఫైల్ చూడండి.

యూమౌంట్ -ఎల్ మాత్రం వద్దు. అది పేరుకు తీసేసినట్టు కనిపిస్తుంది, లోపల ఫైల్ సిస్టమ్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఫైండ్‌ఎంఎన్‌టీలో కనిపించడం లేదు కదా అని రిపేర్ మొదలుపెట్టి నిండా మునిగినవాళ్లున్నారు.

ఇక టీమక్స్ తెరిచి అందులో పని చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ తెగిపోయినా రిపేర్ ఆగదు. స్క్రిప్ట్ అన్న కమాండ్ ముందుగా నడిపితే తెర మీద వచ్చినదంతా ఫైల్‌లో దాస్తుంది. ఆ ఫైల్ వేరే డిస్క్ మీద ఉండాలి.

7. ఈఎక్స్‌టీ4 రిపేర్

ఈఎక్స్‌టీ4కు వాడే ఎఫ్‌ఎస్‌సీకే పేరు ఈ2ఎఫ్‌ఎస్‌సీకే. ముందు ఏమీ మార్చకుండా చూడండి:
ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ1

-ఎన్ అంటే ప్రతి ప్రశ్నకూ "వద్దు" అన్న జవాబు. డిస్క్ మీద ఏమీ రాయదు. ఈ స్థితిలో జర్నల్‌లో (ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) మిగిలిన మార్పులను కూడా అమలు చేయదు కాబట్టి, జర్నల్‌తో సర్దుకుపోయే తప్పులు కూడా ఇక్కడ కనిపిస్తాయి. లిస్ట్ పొడుగ్గా ఉందని టెన్షన్ పడకండి.

ఐదు పాస్‌లు వరుసగా నడుస్తాయి. 1లో ఐనోడ్‌లు, బ్లాక్‌లు, సైజులు. 2లో డైరెక్టరీల లోపలి నిర్మాణం. 3లో ప్రతి డైరెక్టరీ రూట్‌కు కలిసి ఉందా లేదా. 4లో లింకుల లెక్క. 5లో ఖాళీ బ్లాక్‌లు, ఖాళీ ఐనోడ్‌ల మొత్తాలు. తప్పులు 5లో మాత్రమే ఉంటే ఊపిరి పీల్చుకోండి. 1లోనే వందల కొద్దీ వస్తుంటే దెబ్బ గట్టిగా తగిలింది.

ఇప్పుడు ఆ లిస్ట్‌లో ఉన్న ఐనోడ్ నంబర్లు తీసుకోండి. అవి ఏ ఫైళ్లో రిపేర్‌కు ముందే తెలుసుకోవచ్చు. డీబగ్‌ఎఫ్‌ఎస్ -ఆర్ (పెద్ద అక్షరం) ఇచ్చి, కొటేషన్లలో ఎన్‌చెక్ అని, పక్కన నంబరు రాస్తే దారి చెబుతుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా రీడ్ ఓన్లీగానే తెరుస్తుంది, భయం లేదు. పోయేది పాత లాగ్ ఫైల్ అయితే పోనివ్వండి. డేటాబేస్ ఫైల్ అయితే ఆగి ఆలోచించండి.

తర్వాత తేలిక రిపేర్:
ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ -పీ /డెవ్/ఎస్‌డీబీ1

-పీ అన్నది మనిషి నిర్ణయం అక్కర్లేని తప్పులను మాత్రమే సరిచేస్తుంది. దాటిపోయేది ఏదైనా వస్తే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ" అని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు -పీ తీసేసి, ఏ ఆప్షనూ లేకుండా నడిపి, ప్రశ్నలు చదువుతూ జవాబివ్వండి.

తరచూ వచ్చే ప్రశ్నలు:

- *ఫిక్స్?* లెక్క సరిదిద్దడం. దాదాపు ఎప్పుడూ సరే అనొచ్చు.
- *క్లియర్?* ఆ ఎంట్రీనో, ఐనోడ్‌నో తుడిచేయడం. నంబరు చూసి అది ఏ ఫైలో తెలుసుకున్నాకే సరే అనండి.
- *కనెక్ట్ టు లాస్ట్+ఫౌండ్?* పేరు పోయిన ఫైల్‌ను లాస్ట్+ఫౌండ్‌లో పెట్టడం. సరే అనండి.
- *క్లోన్ మల్టిప్లై-క్లెయిమ్డ్ బ్లాక్స్?* ఒకే బ్లాక్‌ను రెండు ఫైళ్లు తమదే అంటున్నాయి. సరే అంటే ఇద్దరికీ చెరో కాపీ ఇస్తుంది. అయితే ఆ రెండింటిలో కనీసం ఒకదాని లోపలి సరుకు తప్పు. రెండు పేర్లూ రాసుకుని బ్యాకప్‌తో పోల్చండి.

క్లియర్ ప్రశ్నలు ఆగకుండా వస్తూనే ఉంటే రిపేర్ ఆపేయండి. చాలాసార్లు కారణం వేరే ఉంటుంది: రెయిడ్ డిస్కులు తప్పు వరుసలో కలిశాయి, పార్టిషన్ మొదలయ్యే చోటు మారింది, లేదా తప్పు డివైస్ ఇచ్చారు. బాగున్న ఫైల్ సిస్టమ్‌ను వంకర అద్దంలోంచి చూసి, వంకరగా ఉందని చెక్కేస్తున్నట్టు అవుతుంది.

-వై ఆప్షన్ అన్నింటికీ సరే అంటుంది. దాన్ని కాపీ మీదే వాడండి. కొన్నేళ్ల క్రితం ఒక మెయిల్ సర్వర్ మీద కాపీ లేకుండానే -వై కొట్టాను. ప్రశ్నలు తెర మీద జలపాతంలా వెళ్లిపోయాయి. చివరికి అంతా క్లీన్ అని వచ్చింది, మౌంట్ కూడా అయింది. లోపలికి వెళ్తే మెయిల్ ఫోల్డర్లు ఖాళీ. లాస్ట్+ఫౌండ్‌లో వేల ఫైళ్లు, అన్నింటికీ పేరు స్థానంలో ఒక # గుర్తు, దాని పక్కన ఐనోడ్ నంబరు. ఒక్కో మెయిల్ తెరిచి, "డెలివర్డ్-టు" వరుస చదివి, ఎవరిదో తేల్చి, వాళ్ల ఫోల్డర్‌లో వేసే స్క్రిప్ట్ రాశాను. మూడు రోజులు పట్టింది. ఆ వరుస లేని మెయిళ్లు ఎవరివో తేలనే లేదు.

2వ మెట్టులో చెప్పిన ఐనోడ్ జాబితా ఉంటే ఆ మూడు రోజులు పట్టేవి కావు. #1572870 అని కనిపిస్తే, జాబితాలో 1572870 వెతికితే అసలు పేరు, దారి రెండూ దొరుకుతాయి.

రిపేర్ ముగిశాక ఎకో, పక్కన డాలర్ గుర్తు, ప్రశ్న గుర్తు కొట్టి ఎగ్జిట్ కోడ్ చూడండి. 0 అయితే తప్పుల్లేవు. 1 అయితే సరిచేసింది. 2 అయితే సరిచేసింది, రీబూట్ చేయాలి. 4 అయితే ఇంకా తప్పులు మిగిలాయి. 8 అయితే ప్రోగ్రామ్ పనిలోనే ఇబ్బంది వచ్చింది. ఇవి కలిసి కూడా రావచ్చు: 12 అంటే 4, 8 రెండూ. 0 వచ్చేదాకా -ఎఫ్ తో మళ్లీ నడపండి. మూడోసారి కూడా కొత్త తప్పులు పుట్టుకొస్తుంటే డిస్క్ గానీ ర్యామ్ గానీ అబద్ధం చెబుతోంది. 3వ మెట్టుకు వెళ్లండి.

8. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ మూల వివరాలుండే చోటు) పోతే

"బ్యాడ్ మ్యాజిక్ నంబర్ ఇన్ సూపర్-బ్లాక్" అని వస్తే ముందు డివైస్ పేరు సరిగ్గా ఇచ్చారో చూడండి. పార్టిషన్‌కు బదులు మొత్తం డిస్క్ ఇవ్వడం, లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఈ2ఎఫ్‌ఎస్‌సీకే వాడటం, ఈ రెండే ఎక్కువగా చూశాను. బీఎల్‌కేఐడీ కొడితే ఏ రకమో చెబుతుంది.

పేరు సరైనదే అయితే, ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్‌కు కాపీలు వేరే చోట్ల దాచుకుంటుంది. బ్లాక్ సైజు 4096 అయితే మామూలుగా అవి 32768, 98304, 163840, 229376, 294912 దగ్గర ఉంటాయి.

ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -బీ 32768 -బీ (రెండోది పెద్ద అక్షరం) 4096 /డెవ్/ఎస్‌డీబీ1

అది పని చేయకపోతే తర్వాతి నంబరు. దీనికి కూడా మొదట -ఎన్ కలిపి చూడండి. కాపీల చోట్లు తెలుసుకోవడానికి ఎంకేఈ2ఎఫ్‌ఎస్ -ఎన్ వాడమని చాలాచోట్ల ఉంటుంది. అది పని చేస్తుంది, కానీ ఆ -ఎన్ ఒక్కటి మరచిపోతే డిస్క్ ఫార్మాట్ అయిపోతుంది. అలసిపోయి ఉన్నప్పుడు ఆ కమాండ్ టైప్ చేయకండి, పై నంబర్లతోనే ప్రయత్నించండి.

9. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్

ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే ఏమీ చేయకుండా సున్నాతో బయటికి వస్తుంది. దాన్ని చూసి బాగుందనుకోవద్దు. ఇక్కడ వాడాల్సింది ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్.

1. ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ -ఎన్ తో చూడండి.
2. ఒకసారి మౌంట్ చేసి, వెంటనే యూమౌంట్ చేయండి. లాగ్‌లో మిగిలిన రాతలు అప్పుడు తమ చోట్లకు చేరతాయి.
3. ఏ ఆప్షనూ లేకుండా ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ నడపండి.

మౌంట్ కాకపోతే, రిపేర్ కూడా లాగ్‌లో విలువైన మార్పులున్నాయని చెప్పి ఆగిపోతే, -ఎల్ (పెద్ద అక్షరం) మిగులుతుంది. అది లాగ్‌ను సున్నాలతో నింపేస్తుంది, చివర్లో జరిగిన మార్పులు పోతాయి. మొదటి ప్రయత్నంగా -ఎల్ కొట్టేవాళ్లే ఎక్కువ. దయచేసి రెండో అంకె దాటకుండా అక్కడికి వెళ్లకండి. వెళ్లే ముందు రీడ్ ఓన్లీ, నోరికవరీ ఆప్షన్లతో మౌంట్ అవుతుందేమో చూసి, ఫైళ్లు బయటికి తీసుకోండి.

రిహార్సల్‌కు ఇక్కడ మంచి సౌకర్యం ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్_మెటాడంప్ మెటాడేటాను (ఫైళ్ల లోపలి సరుకు కాకుండా, వాటి గురించిన లెక్కలను) మాత్రమే ఒక ఫైల్‌లోకి తీస్తుంది. దాన్ని ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఎండీరీస్టోర్‌తో వేరేచోట ఇమేజ్‌గా మార్చి, దాని మీద రిపేర్ నడిపితే అసలు డిస్క్‌ను తాకకుండానే ఏం జరుగుతుందో తెలుస్తుంది.

పెద్ద ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు రిపేర్ చాలా మెమరీ అడుగుతుంది. మధ్యలో కెర్నల్ దాన్ని చంపేస్తే, వేరే డిస్క్ మీద స్వాప్ పెంచి మళ్లీ మొదలుపెట్టండి.

10. రూట్ ఫైల్ సిస్టమ్ అయితే

నడుస్తున్న సర్వర్‌లో రూట్‌ను అన్‌మౌంట్ చేయలేరు. లైవ్ యూఎస్‌బీ, రెస్క్యూ మోడ్, క్లౌడ్ అయితే వాల్యూమ్‌ను విడదీసి ఇంకో మెషీన్‌కు తగిలించడం, ఇవే దారులు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాల్యూమ్‌ను అదే ఇమేజ్ నుంచి పుట్టిన మెషీన్‌కు తగిలిస్తే యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు నంబరు) ఒకటే కావడం వల్ల మౌంట్ కాదు. నోయూయూఐడీ ఆప్షన్ ఇవ్వండి.

రెస్క్యూ ఇమేజ్ సర్వర్ కంటే పాతది కాకుండా చూసుకోండి. ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 1.47.0 నుంచి కొత్తగా ఫార్మాట్ చేసే ఈఎక్స్‌టీ4లో ఆర్ఫన్_ఫైల్ అనే ఫీచర్ మామూలుగానే ఆన్ అవుతోంది. పాత ఈ2ఎఫ్‌ఎస్‌సీకే దాన్ని చూసి "అన్‌సపోర్టెడ్ ఫీచర్, ఫీచర్_సీ12" అని ఆగిపోతుంది. అక్కడ డిస్క్ తప్పేమీ లేదు, కొత్త ఇమేజ్‌తో బూట్ చేయండి.

చేతిలో రెస్క్యూ ఏదీ లేకపోతే, సిస్టమ్‌డీ ఉన్న సర్వర్లలో బూట్ లైన్‌లో ఎఫ్‌ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్ అని చేర్చవచ్చు. ఎఫ్‌ఎస్‌సీకే.రిపేర్=యెస్ (మూడక్షరాల ఇంగ్లిష్ మాట) అంటే -వై లాంటిదే కాబట్టి దానికీ కాపీ షరతు వర్తిస్తుంది.

11. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చెక్ --రిపేర్ మొదట వాడాల్సింది కాదు, అన్నీ అయ్యాక వాడాల్సింది. ముందు రీడ్ ఓన్లీగా, రెస్క్యూ=యూజ్‌బ్యాకప్‌రూట్ ఆప్షన్‌తో మౌంట్ చేసి చూడండి. మౌంట్ కాకపోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రీస్టోర్ కమాండ్ డిస్క్‌ను మార్చకుండా ఫైళ్లను బయటికి తీస్తుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఎఫ్‌ఎస్‌సీకే అనేదే లేదు. జెడ్‌పూల్ స్టేటస్ -వీ చెడిన ఫైళ్ల పేర్లు చూపిస్తుంది, జెడ్‌పూల్ స్క్రబ్ మిర్రర్ ఉన్నచోట సరిచేస్తుంది. పూల్ ఇంపోర్ట్ కాకపోతే -ఎఫ్ (పెద్ద అక్షరం) తో పాటు -ఎన్ ఇచ్చి, వెనక్కి వెళ్తే కుదురుతుందో లేదో ముందు చూడండి.

12. రిపేర్ అయ్యాక

వెంటనే సర్వీసులు మొదలుపెట్టకండి. మొదటి మౌంట్ రీడ్ ఓన్లీగా చేయండి. ఎఫ్‌ఎస్‌సీకే మెటాడేటాను మాత్రమే చూసింది, ఫైళ్ల లోపల ఏముందో దానికి తెలియదు. ఫైల్ పేరు, సైజు, తేదీ అన్నీ సరిగ్గా ఉండి లోపల చెత్త ఉండవచ్చు. డీడీరెస్క్యూ చదవలేకపోయిన చోట్ల సున్నాలు ఉంటాయి.

- లాస్ట్+ఫౌండ్ చూడండి. ఫైల్ అనే కమాండ్ ఒక్కోటి ఏ రకమో చెబుతుంది. ఐనోడ్ జాబితాతో పేర్లు పెట్టండి.
- సిస్టమ్ ఫైళ్లు: డీపీకేజీ --వెరిఫై లేదా ఆర్‌పీఎం -వీఏ (వీ పెద్ద అక్షరం). తేడా చూపిన ప్యాకేజీలను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.
- మైఎస్‌క్యూఎల్: మామూలుగా లేవకపోతే ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ 1 తో మొదలుపెట్టి ఒక్కో అంకె పెంచండి. 4, ఆ పైవి డేటాను శాశ్వతంగా చెడగొట్టగలవు. లేవగానే డంప్ తీసి, కొత్త డేటాబేస్‌లో ఎక్కించండి.
- పోస్ట్‌గ్రెస్: 14 నుంచి పీజీ_ఏఎంచెక్ ఉంది, దానితో టేబుళ్లు, ఇండెక్సులు చూడండి. పీజీ_రీసెట్‌వాల్ మాత్రం చివరి దారి.
- మీ అప్లికేషన్ ఫైళ్లను బ్యాకప్‌తో చెక్‌సమ్ చేసి పోల్చండి.

ఇవన్నీ దాటాక రీడ్-రైట్‌గా మౌంట్ చేసి, సర్వీసులను ఒక్కొక్కటిగా లేపండి. ఆపిన బ్యాకప్ పనిని వెంటనే తిప్పి ఆన్ చేయవద్దు, మొదటి బ్యాకప్ కొత్త ఫోల్డర్‌లోకి వెళ్లాలి. పాడైన డిస్క్ ఇమేజ్‌ను కనీసం కొన్ని వారాలు ఉంచండి. "ఫలానా ఫైల్ కనిపించడం లేదు" అన్న ఫోన్ రెండో వారంలో వస్తుంది.

ఆఖరుగా /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌టాబ్ తెరవండి. ఆరో కాలమ్‌లో రూట్‌కు 1, మిగిలిన ఈఎక్స్‌టీ4లకు 2 ఉండాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు 0 చాలు. 0 ఉన్న ఈఎక్స్‌టీ4ను బూట్‌లో ఎవరూ చెక్ చేయరు, చిన్న తప్పు నెలల తరబడి పెరుగుతుంది. డేటా డిస్కులకు నోఫెయిల్ కూడా చేర్చండి. ఈసారి ఆ డిస్క్ మౌంట్ కాకపోయినా సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోకుండా పైకి వస్తుంది, మీరు ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి 1వ మెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు.